గోదావరి ఒడ్డున చెప్పిన మాట మీద పేచీ

ప్రశ్న: మా అమ్మాయి లండన్‌లో ఉద్యోగం చేస్తోంది. నాలుగేళ్ల నుంచి ఇస్కాన్‌కి, అదే హరేకృష్ణ సంస్థకి వెళ్తోంది. ఉల్లి, వెల్లుల్లి మానేసింది, రోజూ 16 మాలల జపం, వీడియో కాల్‌లో మాట్లాడుతున్నా చెయ్యి జపసంచిలోనే ఉంటుంది. ఇప్పుడు దీక్ష తీసుకుంటానంటోంది, అదీ ఒక మాతాజీ దగ్గర. ఇక్కడ మాకు ఆదివారం క్లాసు చెప్పే ప్రభుజీని అడిగితే "ఆడవాళ్లు దీక్ష ఇవ్వకూడదమ్మా" అన్నారు. అమ్మాయేమో సంస్థే ఒప్పుకుందంటోంది. ఇద్దరూ ఇస్కాన్ స్థాపించిన ప్రభుపాదుల మాటే చెబుతున్నారు. ఎవరిని నమ్మాలి? – ఒక తల్లి, కొవ్వూరు

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న కొవ్వూరు నుంచి రావడం చూసి నవ్వొచ్చింది. ఈ గొడవంతా ఏ పద్యం చుట్టూ తిరుగుతోందో అది పుట్టింది మీ రేవులోనే.

1510 ప్రాంతంలో, ఇస్కాన్‌వాళ్ల సంప్రదాయానికి మూలపురుషుడైన బెంగాల్ సన్యాసి చైతన్య మహాప్రభువు దక్షిణదేశ యాత్రకి వస్తూ గోదావరి దగ్గర ఆగారు. మీ గోష్పాద క్షేత్రం దగ్గరే అని అక్కడివాళ్ల నమ్మకం. అప్పుడు రాజమహేంద్రవరాన్ని గజపతుల తరఫున ఏలుతున్నది రామానంద రాయలు. ఆయన పల్లకీలో, మేళతాళాలతో, బోలెడంతమంది బ్రాహ్మణుల్ని వెంటబెట్టుకుని స్నానానికొచ్చారు. చైతన్యులు లేచి ఆయన్ని గట్టిగా కౌగిలించుకున్నారు. సన్యాసి అయ్యుండి శూద్రుణ్ణి కావలించుకుని ఏడుస్తాడేమిటని ఆ బ్రాహ్మణులు నోరెళ్లబెట్టారట. ఆయన జీవితకథ చైతన్య చరితామృతంలో ఉంది ఇదంతా. తర్వాత రాత్రుళ్లు కూర్చుని మాట్లాడుకునేటప్పుడు, తమరు సన్యాసులు, మీకు నేను చెప్పడమేమిటని రాయలు వెనకాడితే చైతన్యులు అన్న మాట: "కిబా విప్ర, కిబా న్యాసీ, శూద్ర కేనే నయ, యేఇ కృష్ణతత్త్వవేత్తా, సేఇ గురు హయ." విప్రుడైనా, సన్యాసైనా, శూద్రుడైనా సరే, కృష్ణతత్త్వం తెలిసినవాడే గురువు.

మీ అమ్మాయి పక్షం ఈ మాట పట్టుకుంటుంది. మీ ప్రభుజీ పక్షం, ఇందులో స్త్రీ అన్న మాటెక్కడుంది, చూపించండి అంటుంది. నిజమే, లేదు!

ప్రభుపాదుల మాటలూ ఇలాగే రెండు వైపులా లాగుతాయి. 1969లో హాంబర్గ్‌లో మాట్లాడుతూ మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, మీరందరూ గురువులు కావాలని తన శిష్యులతో అన్నారాయన. అదే పెద్దాయన భాగవతం నాలుగో స్కంధానికి రాసిన వ్యాఖ్యలో, ధ్రువుడికి దారి చూపింది తల్లి సునీతే అయినా, ఆవిడ స్త్రీ, పైగా కన్నతల్లి కాబట్టి మంత్రదీక్ష ఇచ్చే దీక్షాగురువు కాలేకపోయిందని రాశారు. మొదటిది బోధ చేసే శిక్షాగురువు గురించే అని సంప్రదాయవాదులు సర్దిచెబుతారు. రెండోది ధ్రువుడి ఒక్కడి సంగతని అవతలివాళ్లు సర్దుతారు. ఎవరి సర్దుబాటు వాళ్లది. 1977లో ఆయన వెళ్లిపోయారు కాబట్టి మళ్లీ అడిగి తేల్చుకునే వీల్లేదు.

ఇక సంస్థ లెక్క. పాలకమండలి జీబీసీ 2009లో సూత్రప్రాయంగా సరేనంది. 2019లో మన తిరుపతిలో జరిగిన సమావేశంలో స్త్రీలు దీక్ష ఇవ్వొచ్చని తీర్మానించింది. కాబట్టి మీ అమ్మాయి చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ తీర్మానంలో షరతులు పెట్టారు: వయసు 55 దాటాలి, భర్తో, ఎదిగిన కొడుకో, అల్లుడో, పెద్ద వైష్ణవులో, స్థానిక పెద్దలో, ఎవరో ఒకరి రక్షణలో ఉండాలి, ఆ ప్రాంతపు కమిటీ ఒప్పుకోవాలి. మనదేశంలోని నాయకత్వంలో దీనికి గట్టి వ్యతిరేకత ఉంది. అందుకే లండన్‌లో ఒక మాట, కొవ్వూరులో ఒక మాట వినపడుతోంది మీకు.

నన్నడిగితే, ఆ అల్లుడి షరతు దగ్గర నాకు ఒళ్లు మండుతుంది. ప్రభుపాదుల తర్వాత దీక్షలిచ్చిన మొదటి పదకొండు మందీ మగవాళ్లే. ప్రపంచాన్ని మండలాలుగా పంచుకుని ఏలారు, పదేళ్లు తిరిగేసరికి అందులో కొందరు దారి తప్పి వెళ్లిపోయారు, వాళ్లని నమ్ముకున్న శిష్యులు ఏమైపోయారో పాపం. ఏ అల్లుడి రక్షణా అడగలేదు అప్పుడు. అడిగుంటే బాగుండేదేమో!

అలాగని మీ ప్రభుజీని మూర్ఖుడనుకోకండి. ఈరోజు ఇది మార్చితే రేపు ఇంకేం మారుస్తారోనన్న భయం ఆయనది, గురుపరంపర తెగిపోతే అందులో నిలబడ్డవాడు ఎక్కడికి పోవాలన్నది చిన్న ప్రశ్నేం కాదు. అయితే ఆ సంప్రదాయంలోనే, చైతన్యుల సహచరుడు నిత్యానందుల భార్య జాహ్నవాదేవి ఉన్నారు, ఆవిడ దీక్షలిచ్చారు. తర్వాతి తరం గురువు శ్రీనివాసాచార్యుల కూతురు హేమలతా ఠాకురాణి ఉన్నారు. వాళ్లు అరుదైనవాళ్లు అంటారాయన. సరే, అరుదనే ఒప్పుకుందాం, అరుదంటే నిషేధం కాదుగా.

మీరు చెయ్యాల్సింది ఒకటుంది. గురువు శిష్యుణ్ణీ, శిష్యుడు గురువునీ ఏడాదిపాటు పరీక్షించుకోవాలని వాళ్ల ఆచారగ్రంథం హరిభక్తివిలాసం చెబుతుంది. ఆ ఏడాది ఆగిందా అని అమ్మాయిని అడగండి. ఆ మాతాజీ లండన్‌కొచ్చినప్పుడు మీరూ వీడియోలో ఒకసారి మాట్లాడండి. మిగతాది ఆ పిల్లకి వదిలెయ్యండి.

ప్రశ్న: ఆడవాళ్లు గురువులైతే రేపు తిరుమల గర్భగుడిలో అర్చకత్వం కూడా అడుగుతారు. సంప్రదాయాన్ని ముట్టుకోవడం మీలాంటి పత్రికలవాళ్లకి సరదా అయిపోయింది. – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: కోపం అర్థమైంది కానీ రెండూ ఒకటి కాదండీ. తిరుమలలో నడిచేది వైఖానస ఆగమం, అక్కడ అర్చకత్వం వంశాన్ని బట్టి వస్తుంది, మగవాడైనా మీరూ నేనూ వెళ్లి కూర్చోలేం. ఇస్కాన్‌వాళ్లది చైతన్యుల గౌడీయ సంప్రదాయం, ఆ దీక్షకి వంశంతో పనిలేదు. అసలు ఆ పని లేకుండా చేసింది ప్రభుపాదుల గురువు భక్తిసిద్ధాంత సరస్వతి. నూరేళ్ల కిందట బ్రాహ్మణేతరులకి జంధ్యాలు వేస్తుంటే, తరతరాలుగా గురుత్వం చేస్తున్న గోస్వామి వంశాలవాళ్లు సంప్రదాయం మంటగలిసిందని ఆయన మీద విరుచుకుపడ్డారు. ఇవాళ మనం సంప్రదాయం అంటున్నది ఆ రోజున వాళ్లు తిట్టిన సంస్కరణే. ఇంకో మాట, తిరుమలలో అర్చకులు ఎవరైనా, రాత్రి ఏకాంతసేవలో స్వామికి పట్టే హారతి మాత్రం తరిగొండ వెంగమాంబ పేరు మీదే, ముత్యాల హారతి అంటారు, చూసే ఉంటారు.

ప్రశ్న: ఇక్కడ ఇస్కాన్‌వాళ్లు రథయాత్ర వాళ్లకి వీలున్న వారాంతంలో చేస్తారు. పూరీవాళ్లు తప్పంటున్నారు. వెళ్లాలా, మానాలా? – ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఆషాఢ శుద్ధ విదియ నాడే రథయాత్ర అని పూరీ పట్టు. 2024లో హ్యూస్టన్‌లో నవంబరులో చేద్దామనుకుంటే పెద్ద రగడే అయింది. ఇస్కాన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో 1967 నుంచీ రథం లాగుతోంది, ఊరేగింపుకి పర్మిషన్లు, సెలవులు చూసుకోవాలంటుంది. తిథి విషయంలో నా ఓటు పూరీకే, తిథి లేని పండగ ఉప్పులేని పప్పులా ఉంటుంది. కానీ తెల్లతోలు భక్తుణ్ణి గుళ్లోకే రానివ్వని పూరీ, వాడు బయట ఏ రోజున తాడు పట్టుకోవాలో కూడా తనే చెబుతానంటే వినడానికి కాస్త ఇబ్బందిగానే ఉంది. మీరు వెళ్లండి. విదియ నాడు ఇంట్లో కూడా కొబ్బరికాయ కొట్టుకోండి.