ఒరాకిల్ డేటాబేస్ నుంచి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి మారేటప్పుడు, ఒరాకిల్‌లోని డేట్ కాలమ్‌ని పోస్ట్‌గ్రెస్‌లో కూడా డేట్‌గానే పెట్టొచ్చా?
అందులో సమయం కూడా ఉంటే పెట్టకూడదు, తేదీ, సమయం రెండూ ఉంచుకునే టైమ్‌స్టాంప్ రకంగా మార్చాలి. ఎందుకంటే ఒరాకిల్‌లో డేట్ అంటే తేదీతో పాటు గంటలు, నిమిషాలు, సెకన్లు కూడా దాచుకునే రకం, పోస్ట్‌గ్రెస్‌లో అదే పేరున్న రకం మాత్రం ఒట్టి తేదీనే ఉంచుకుంటుంది. ఉదాహరణకు 2024-03-15 18:45:30 అని ఉన్న ఆర్డర్‌ని పోస్ట్‌గ్రెస్ డేట్ కాలమ్‌లోకి పంపితే 2024-03-15 మాత్రమే మిగులుతుంది, ఎర్రర్ కూడా రాదు, అసలు ప్రమాదం అదే. పేరు ఒకటే కాబట్టి రకమూ ఒకటే అనుకుంటారు చాలామంది. పైగా ఒరాకిల్ టూల్స్ చాలాసార్లు స్క్రీన్ మీద తేదీ ఒక్కటే చూపిస్తాయి, అది కేవలం డిస్‌ప్లే ఫార్మాట్ వల్ల, దాంతో లోపల సమయమే లేదనే నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. మార్చే ముందు టు_చార్‌తో (తేదీని అడిగిన రూపంలో అక్షరాలుగా చూపే ఒరాకిల్ ఫంక్షన్) గంటలు, నిమిషాలు, సెకన్లు బయటికి తీసి చూడండి. అవి అన్నీ సున్నాలు కాకపోతే టైమ్‌స్టాంప్(0), అంటే సెకనులో భాగాలు లేని టైమ్‌స్టాంప్, సరిపోతుంది.