రూ.40 వేల కోర్సులో చేరే ముందు

ప్రశ్న: బీకాం ఫైనలియర్ చదువుతున్నాను. మాది నల్గొండ జిల్లా. ఫొటోగ్రఫీ అంటే ప్రాణం. రూ.40 వేలు కట్టి ఆన్‌లైన్ కోర్సు చేసి, దీన్నే వృత్తిగా తీసుకోవాలని ఉంది. నాన్న వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఫొటోగ్రఫీలోకి తప్పకుండా రండి. ఆ ఫీజు మాత్రం ఇప్పుడే కట్టకండి.

ఎపర్చర్ (లెన్స్ తెరుచుకునే మేర), షట్టర్ స్పీడ్ (వెలుతురు లోపలికి వచ్చే సమయం), ఐఎస్‌వో (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి)లలో ఒకటి మారిస్తే మిగతావి ఎలా సర్దుకోవాలి, రా ఫైల్‌ని (కెమెరా కుదించకుండా దాచే అసలు ఫొటో ఫైల్) ఎలా ఎడిట్ చేయాలి వంటివి ఆన్‌లైన్‌లో చక్కగా వస్తాయి. యూట్యూబ్‌లో తెలుగులోనే ఉచితంగా దొరుకుతాయి. వరుసగా నేర్చుకోవాలంటే కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ కోర్సు ఉంది, ఫోన్ కెమెరాతోనే మొదలుపెట్టొచ్చు. ఎడిటింగ్‌కు డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం.

అయితే మన దగ్గర కొత్తవాళ్లకు మొదటి సంపాదన ఎక్కువగా పెళ్లిళ్ల నుంచే వస్తుంది. అక్కడ పరిస్థితి వేరు. తలంబ్రాలు గింజ గింజగా పడాలంటే షట్టర్ స్పీడ్ 1/500 సెకను దాకా పెంచాలి. పెంచితే ఫంక్షన్ హాల్లోని నాసిరకం ఎల్ఈడీ లైట్ల వల్ల ఫొటోలో చారలు పడొచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఆ లైట్లు సెకనుకు వందసార్లు మిణుకుతాయి కాబట్టి 1/100 సెకను దగ్గర పెడితే చారలు పోతాయి, గింజలు గీతలవుతాయి. ఫ్లాష్ వాడాలా, లైట్ ఎటు తిప్పించాలి? క్షణాల్లో తేల్చుకోవాలి. జీలకర్ర బెల్లం రెండోసారి పెట్టరు. పంతులుగారికి అడ్డు రాకుండా, వీడియో వాళ్ల ఫ్రేములో పడకుండా ఎక్కడ నిలబడాలో ఏ వీడియో పాఠమూ పూర్తిగా నేర్పలేదు. అందుకే పరీక్షలు కాగానే మీ టౌన్‌లో మంచి పేరున్న స్టూడియోలో అసిస్టెంట్‌గా చేరండి. లైట్లు పట్టుకోవడంతో మొదలైనా ఫర్వాలేదు. మీరు తీసిన ఫొటోలు వారానికోసారి ఓనర్‌కు చూపించి తప్పులు చెప్పించుకోండి. ఏ ఆన్‌లైన్ కోర్సుకైనా డబ్బు కట్టే ముందు ‘నా ఫొటోలు చూసి తప్పులు చెబుతారా?’ అని అడగండి. చెప్పరంటే వదిలేయండి. సర్టిఫికెట్ చూసి పెళ్లి ఆర్డర్ ఇచ్చేవాళ్లు ఉండరు, ఆల్బమ్ చూసి ఇస్తారు.

యూనివర్సిటీ చదువే కావాలనుకుంటే హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఫొటోగ్రఫీ ఉంది. ఇంటర్ తర్వాత నాలుగేళ్ల కోర్సు. డిగ్రీ చేతికొస్తున్న మీకు మళ్లీ నాలుగేళ్లంటే ఇంట్లో భారమే, ఆలోచించుకోండి.

బీకాం మాత్రం ఆపొద్దు. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ కూడా రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో సర్కారు ఉద్యోగం చేస్తూనే కెమెరా పట్టారు.

మీ నాన్నగారి భయం అర్థం లేనిది కాదు. ఆషాఢం, మూఢం వస్తే పెళ్లి ఆర్డర్లు ఆగిపోతాయి. ఆ నెలల్లో బట్టల షాపులకు, హోటళ్లకు ఫొటోలు తీసిపెట్టే పని వెతుక్కోవాలి. కెమెరా కొనిపెట్టమని అడగకుండా ఒక్క పెళ్లిళ్ల సీజన్ గడువు అడగండి. సీజన్ అయ్యాక మీ ఫొటోలూ, వచ్చిన డబ్బుల లెక్కా ఆయన ముందు పెట్టి మాట్లాడండి.