పాత ఇంటికి మార్పులు: లేబర్ కాంట్రాక్టా, మెటీరియల్‌తో సహానా?

ప్రశ్న: మాది పలాస. నాన్నగారు కట్టించిన ముప్పై ఏళ్ల నాటి డాబా ఇల్లు. వంటగదికీ హాలుకీ మధ్య గోడ తీసేసి, బాత్రూం మార్చి, తిత్లీ తుఫానుకు రేకులు ఎగిరిపోయిన చోట మేడ మీద స్లాబు గది వేయాలనుకుంటున్నాం. నాకు అన్నయ్య వరసయ్యే తాపీ మేస్త్రీ సామాను మేం కొనిస్తే కూలికి చేస్తానంటున్నాడు. శ్రీకాకుళం కాంట్రాక్టరు మెటీరియల్‌తో సహా అడుగు రేటు చెప్పాడు. విశాఖ ఇంటీరియర్ సంస్థ సగం డబ్బు ముందే అడుగుతోంది. రేపు పని చెడితే ఎవరిని అడగగలం?

జవాబు: ముందు గోడ సంగతి చెబుతాను, నాకు భయం అక్కడే. ఆ రోజుల్లో పిల్లర్లు లేకుండా గోడల మీదే స్లాబు వేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఇంజినీరు వచ్చి చూసి, తీయవచ్చో లేదో, తీస్తే ఏ బీము వేయాలో కాగితం మీద రాసిచ్చేదాకా ఎవరినీ సుత్తి ఎత్తనివ్వకండి. మేడ మీద గదికి మున్సిపాలిటీ అనుమతి తీసుకోండి. లేకుండా కడితే నోటీసు వచ్చేది ఇంటి యజమానికే.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఇంటి నిర్మాణాన్ని సేవగా గుర్తించింది. కాబట్టి మొత్తం పనికి గానీ, అడుగుకింత అని గానీ ఒప్పుకున్న కాంట్రాక్టరు పని చెడగొడితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కానీ రోజు కూలికి మనుషుల్ని పెట్టి, మీరే దగ్గరుండి చేయించుకుంటే అది ఈ చట్టం వర్తించని వ్యక్తిగత సేవ కిందకు పోయే ప్రమాదం ఉంది, అప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. ఇక లేబర్ కాంట్రాక్టులో స్లాబు కారితే మేస్త్రీ సిమెంటు మంచిది కాదంటాడు. ఆ సిమెంటు కొన్నది మీరే.

అందుకే గోడ, బీము, మేడ గది మెటీరియల్‌తో సహా ఒక్కరికే అప్పగించండి. ఇనుము, సిమెంటు ఏ కంపెనీవో, ఇసుక ఎక్కడిదో ఒప్పందంలో రాయించండి. బాత్రూం అన్నయ్యకు ఇవ్వవచ్చు, అయితే వాటర్‌ప్రూఫింగూ టైల్సూ రెండూ ఆయనే చేయాలి. టైల్స్ వేసే ముందు నేల మీద నీళ్లు కట్టి, ఒక రోజంతా ఉంచి, కింద చెమ్మ రాలేదని చూసి ఫొటో తీసుకోండి. చుట్టరికం ఉన్నచోట కాగితం అడగడం ఇబ్బందే, నాకు తెలుసు. అయినా రాయించండి. చుట్టాలు కోర్టు మెట్లెక్కేది ఎక్కువగా నోటి లెక్కల దగ్గరే.

ఇంటీరియర్ వాళ్లను కప్‌బోర్డుల వరకే, సివిల్ పని అయ్యాక పిలవండి. సగం అడ్వాన్సు వద్దు. వాళ్ల ఫారంలో వివాదాలు ఫలానా ఊరి కోర్టులోనే తేలాలని ఉన్నా కంగారు పడకండి, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది. రెరాకు వెళ్దామని ఎవరైనా చెబితే, అది అమ్మకానికి కట్టే ప్రాజెక్టుల చట్టం, మీ పనికి వర్తించదు.

ఎవరికిచ్చినా డబ్బు పని దశను బట్టి బ్యాంకు ద్వారానే ఇవ్వండి. చివరి పది శాతం ఒక వానాకాలం గడిచాకే ఇస్తామని ముందే రాయించండి. కూలీలకు దెబ్బ తగిలితే బాధ్యత కాంట్రాక్టరుదని, వాళ్లకు బీమా చేయించాలని కూడా అందులో ఉండాలి.

పని చెడిందనిపిస్తే వెంటనే ఇంకో మేస్త్రీని పిలిచి బాగుచేయించకండి, సాక్ష్యం పోతుంది. ఫొటోలు తీసి, ఇంజినీరు చేత రిపోర్టు రాయించి, రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు.