పేరు పెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

సంస్కృతి పేరిట సాగే పోరాటాల మీద నీవు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. అందులో చదువూ ఆవేదనా ఉన్నాయి. కాని ఎదుటి పక్షం వారికి ఒక్క పేరాలోనైనా నోరు విప్పే అవకాశం లేదు. తిరగరాసే ముందు, పాత కావ్యాల భాషలో రాయాలా, వాడుక భాషలో రాయాలా అన్న మన గ్రాంథిక వ్యావహారిక వివాదాన్ని నాటి పత్రాల నుంచే చదవమని నా కోరిక.

విద్యార్థి పరీక్షలో తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలన్న చిన్న ప్రశ్న, మూడు నాలుగేళ్ళలో జాతి పరువు ప్రశ్నగా మారిపోయింది. 1913లో గిడుగు రామమూర్తి ఆధునిక భాష కోసం, జయంతి రామయ్య పంతులు కావ్యభాష కోసం వాదిస్తూ రాసిన పుస్తకాలు రెండూ ఇంగ్లీషువే. 1914లో వ్యావహారికం పక్షాన గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రమూ ఇంగ్లీషే. తీర్పు మద్రాసులోని ప్రభుత్వం, విశ్వవిద్యాలయం చేతుల్లో ఉండటంతో, తెలుగు గురించి తెలుగువాళ్ళు పడిన తగాదా తెలుగు పిల్లవాడి తండ్రికి అర్థం కాని భాషలో నడిచింది. ఇలాంటి ఏ పోరాటాన్ని గురించి రాసినా, వాదులాడేవారు ఎవరి వైపు తిరిగి మాట్లాడుతున్నారో ముందుగా చూడు.

తరువాత 'గ్రామ్యం', అంటే చదువులేనివారి మొరటు భాష, అన్న మాటను గమనించు. ప్రత్యర్థులు ఆ ముద్ర వేసినందుకు, తాను కోరేది శిష్టుల, అంటే చదువుకున్న పెద్దమనుషుల, వాడుక భాషే తప్ప గ్రామ్యం కాదని గిడుగు ఏళ్ళ తరబడి చెప్పుకోవలసి వచ్చింది. అలా చెప్పడంలోనే మరో గీత పడింది: శిష్టులెవరు? పాఠ్యపుస్తకాల తెలుగు కోస్తా జిల్లాల పలుకుబడేనన్న తెలంగాణ వారి బాధకు ఒక వేరు అక్కడుంది. కొండజాతివారైన సవరల భాష నేర్చి, దానికి నిఘంటువు కూర్చిన గిడుగు అంటే నాకెంతో గౌరవం. అయినా ఈ ప్రశ్న అడగకుండా ఉండలేను.

రామయ్య పంతులు గారి పుస్తకం తెరవకుండానే ఆయనను ఛాందసుడని నా తొలి వ్యాసంలో రాశాను. ఆయన శాసనాలను పరిష్కరించిన పండితుడని, పాత మాటకు అర్థం కావలసినప్పుడల్లా నేను తెరిచే సూర్యరాయాంధ్ర నిఘంటువు వెనుక ఆయన శ్రమ ఉందని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఆ వాక్యం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. జీవితమంతా ఎక్కువగా గ్రాంథికంలోనే రాసిన కందుకూరి వీరేశలింగం 1919లో, తన ఆఖరి ఏడాదిలో, వ్యావహారిక పక్షాన నిలిచారు. అలా నడిమధ్యన మనసు మార్చుకున్నవారి కోసం వెతుకు. శిబిరాల చరిత్రల్లో వారికి చోటు తక్కువ.

నీ వ్యాసం మూడో పుటలో ఎదుటివారికి పెట్టిన పేరు కొట్టివేసి, వారు తమను తాము ఏమని పిలుచుకుంటారో ఆ పేరు రాయి. వారి వాదాన్ని, వారు చదివి ఒప్పుకునేలా, ఒక్క పేరాలో చేర్చి పంపు. ఎదురుచూస్తుంటాను.