‘ఇంటర్మినబుల్’ అంటే అంతులేనిదేనా?

‘ఇంటర్మినబుల్’ అనే ఇంగ్లీషు విశేషణానికి అర్థం నిజంగా అంతం లేనిది అని కాదు, ఎంతకీ తెమలక విసుగు పుట్టించేది అని. హద్దు, ముగింపు అనే అర్థాలున్న ‘టెర్మినస్’ అనే లాటిన్ మాటే దీనికీ, మన బస్సు ‘టెర్మినల్’కూ మూలం, ముందు చేరిన ‘ఇన్’ వ్యతిరేకార్థాన్ని ఇస్తుంది కనుక అక్షరార్థం ‘ముగించ వీలులేనిది’ అయినా, వాడుకలో అది కొలతను కాక ఓపిక నశించిన మనిషి ఫిర్యాదును చెబుతుంది. ఒంగోలు దగ్గర రైల్వే గేటు పడి, గూడ్సు బండి పెట్టె వెనుక పెట్టెగా నింపాదిగా కదులుతుంటే, ఐదు నిమిషాలకే ఆ నిరీక్షణ ఇంటర్మినబుల్ అవుతుంది.

దీన్ని ‘ఇన్ఫినిట్’కు బదులుగా పొగడ్తకు వాడడమే సాధారణంగా జరిగే పొరపాటు. మైపాడు తీరాన కనిపించే సముద్రాన్ని ‘ఎండ్‌లెస్’ అనవచ్చు. పెళ్లి శుభాకాంక్షల్లో ప్రేమను ఇంటర్మినబుల్ అంటే మాత్రం దంపతులు విసిగిపోవాలని కోరినట్టవుతుంది.