బాబాయ్‌ని ఆటపట్టించే ముందు

అమలాపురం

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. మీ బాబాయ్ రిటైర్మెంట్‌కని నువ్వు రాసి పంపిన నాలుగు మెసేజ్‌లూ చదివాను. "ఇక రోజూ ఆదివారమే", "ఇక నీ బాస్ పిన్నే" లాంటివి ఏ బాబాయ్‌కైనా అతుకుతాయి. పేరు మార్చి పక్కింటాయనకి పంపినా పనికొచ్చేదాన్ని వేళాకోళం అనరు, గ్రీటింగ్ కార్డు అంటారు.

ముందు ఆయన సర్వీసు పుస్తకం తియ్యి. రికార్డులో పుట్టినరోజు 1964 జూలై 1. నిజానికి పుట్టింది కార్తీకమాసంలోనని మీ నాయనమ్మ అంటుందని నువ్వే రాశావు. బళ్ళో వేసినప్పుడు మేష్టారు తోచిన తేదీ వేసేశారు. ఆ తరంలో చాలామందికి పుట్టినరోజు అలా వచ్చిందే. ఇప్పుడు తమాషా చూడు. గవర్నమెంటు ఉద్యోగి పుట్టిన నెల ఆఖరి రోజున రిటైరవుతాడు. ఒకటో తారీఖున పుట్టినవాడు మాత్రం అంతకు ముందు నెల ఆఖరునే దిగిపోవాలి. అందుకే మీ బాబాయ్‌కి జూన్ 30. ఆ మేష్టారు ఒకటికి బదులు రెండు వేసి ఉంటే జూలై జీతం కూడా చేతికొచ్చేది. ఇంత సరుకు ఇంట్లో పెట్టుకుని ఆదివారం జోకులు ఎందుకమ్మా? ఇలా రాయి: "బాబాయ్, మేష్టారు నీకో పుట్టినరోజు ఇచ్చి, నెల జీతం పట్టుకున్నారు. గురుదక్షిణ అనుకో."

ఇంకోటి కూడా ఉంది. రాష్ట్రంలో రిటైర్మెంట్ వయసు 58 ఉండేది, 2014లో 60 చేశారు, 2022లో 62 చేశారు. అంటే ఈయన సెండాఫ్ రెండుసార్లు వాయిదా పడింది. "నిన్ను వదులుకోలేక గవర్నమెంటు పెంచిందో, ఇంట్లో భరించలేక పిన్ని పైరవీ చేసిందో తేలాల్సి ఉంది." ఇది పదిమందిలో చదవచ్చు. పిన్ని కూడా నవ్వుతుంది, తన పేరు మీద పైరవీ అంటే ఆవిడకి గొప్పే.

ఆయన ఇరిగేషన్ ఆఫీసు మనిషి కాబట్టి కాటన్ దొరని ఎలాగూ లాక్కొస్తావు. లాక్కురా, కానీ పొగడ్తకి కాదు. పెద్ద లెక్క పక్కన చిన్న లెక్క పెట్టు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కల్లా అయిపోయింది. మీ బాబాయ్ పెరటి గోడ నీ చిన్నప్పుడు మొదలైంది, నువ్వు డిగ్రీ పూర్తిచేసినా ఇటుకలు అలాగే ఉన్నాయి. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన రాసి ఊరుకో. "హహహ" అని నువ్వే నవ్వేసి, ఎదుటివాళ్ళకి మిగల్చకుండా చెయ్యకు.

మన గోదావరి జిల్లాల వెటకారానికి గొంతు పెంచే అలవాటు లేదు. అది పీట వేసి, మంచినీళ్ళిచ్చి, "ఆయ్, తమరు మహా కష్టపడిపోయారండి" అంటుంది. బాబాయ్‌ని రోజూ "నువ్వు" అనే పిల్లవి, సభలో మాత్రం "తమరు" మొదలుపెట్టు. ఆయనకి అక్కడే అర్థమైపోతుంది, ఇవాళ తన పని అయిందని.

వద్దన్నవి కూడా చెప్తాను. ఆయన షుగరు వద్దు. ఉద్యోగం రాని కొడుకు వద్దు. గ్రాట్యుటీ మాటే ఎత్తకు, ఆ డబ్బు ఎవరెవరి పేరున ఖర్చు రాసి ఉందో నీకు తెలియదు. పెన్షనర్లు ఏటా బతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇవ్వాలి కదా, దాని మీద జోకు నీ మెసేజ్‌లలో మూడోది. అది ఆయన వేసుకోవాల్సిన జోకు. ఆయన వేస్తే అందరూ నవ్వుతారు, నువ్వు వేస్తే మీ నాయనమ్మ లేచి లోపలికి వెళ్ళిపోతుంది.

పులస మీద రాసింది మాత్రం బాగుంది. రిటైరైన వెంటనే వరద నీళ్ళు, వాటి వెంట పులస. "పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు గానీ బాబాయ్, పిన్ని పుస్తెల జోలికి వెళ్ళకు, నీకు పెన్షన్ ఉంది." ఇందులో ఒక్క అక్షరం మార్చకు. సామెత అందరిదీ, మెలిక నీది. కింద నవ్వుతున్న బొమ్మలు అరడజను పెట్టావు, అవి మాత్రం తీసెయ్.

పంపేముందు పిన్నికి వినిపించు. ఆవిడ నవ్వితే సరే. నవ్వకుండా నీ వంక చూసిన వాక్యం ఎంత బాగున్నా కొట్టెయ్యి. ఆ ఇంట్లో ఏది గుచ్చుకుంటుందో ఆవిడకి తెలిసినంత నీకూ నాకూ తెలియదు.

ఆదివారంలోగా మళ్ళీ రాసి పంపు. ఈసారి రెండే చాలు. నాలుగైతే మీ బాబాయ్ మూడోదాని దగ్గర కళ్ళజోడు తీసి, ఫైలు మీద సంతకం పెట్టినట్టు "చూశాను" అని పక్కన పడేస్తాడు.

ఆశీస్సులతో,
మీ మావయ్య