ఇంట్లో వడ్రంగం పని చేసేటప్పుడు లేచే కొయ్యధూళిని ఎలా అదుపు చేయాలి?

అనంతపురంలో ఇంటి వెనుక రేకుల షెడ్డులో టేకు పని చేస్తున్నారని, రోజూ ఊడ్చినా ధూళి తగ్గడం లేదని అడిగారు. చిత్రిక పట్టినప్పుడు చుట్టలుగా రాలే పొట్టు వెంటనే నేలకు దిగుతుంది కాబట్టి దానితో అంత భయం లేదు. ఉప్పుకాగితంతోనో శాండర్‌ (కొయ్యను నునుపు చేసే యంత్రం)తోనో రుద్దినప్పుడు లేచే, 10 మైక్రాన్ల (మిల్లీమీటరులో నూరోవంతు) కన్నా సన్నని పొడి మాత్రం గంటల తరబడి గాలిలో తేలుతూ ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. పని ఆపిన అరగంటకు కూడా రేకు చిల్లులోంచి పడే ఎండచారలో అది కదలాడుతూ కనిపిస్తుంది. కొయ్యధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది గనుక దీన్ని తేలికగా తీసుకోవద్దు.

ధూళిని పుట్టిన చోటే పట్టడం అన్నిటికన్నా మేలు: శాండర్‌కు వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం తగిలించండి. సీలింగ్ ఫ్యాన్ ఆపి, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను తూర్పు గోడకు బిగించి, ఎదుటి తలుపు తెరవండి. ఆషాఢంలో మన దగ్గర హోరున వీచే పడమటి గాలికి ఎదురుగా పెడితే ధూళి తిరిగి లోపలికే వస్తుంది. చీపురుకు బదులు తడిగుడ్డ వాడండి. ముఖానికి తువాలు చుట్టుకుంటే సన్నపొడి ఆగదు, ఎన్95 మాస్కు బిగుతుగా పెట్టుకోవలసిందే.